ఉపవాసానికి ముందు అన్న గడప

మోషే ధర్మశాస్త్రంలో పండుగలు చాలా ఉన్నాయి. పస్కా ఉంది, వారాల పండుగ ఉంది, పర్ణశాలల పండుగ ఉంది. అన్నింటిలోనూ తినడం, తాగడం, సంతోషించడం ఉన్నాయి. ఒక్క దినానికి మాత్రం అవేవీ లేవు. అది ఏడవ నెల పదవ దినం. మన తెలుగు బైబిలు దాన్ని ప్రాయశ్చిత్తార్థ దినం అంటుంది. యూదులు యోమ్ కిప్పూర్ అంటారు. ప్రజలందరూ పని మానుకొని తమను తాము దుఃఖపరచుకోవాలని దేవుడు ఆజ్ఞాపించింది ఈ ఒక్క రోజు గురించే (లేవీ. 16:29, 23:27). ధర్మశాస్త్రం ఏడాది మొత్తానికి విధించిన ఉపవాసం ఇదొక్కటే. వారానికి రెండు ఉపవాస కూటాలు పెట్టుకునే మన సంఘాలకు ఇది కొంచెం ఆశ్చర్యంగానే ఉంటుంది.

యూదుల నెలలు అమావాస్య తర్వాత కనిపించే నెలవంకతో మొదలవుతాయి. అందుకని ఈ దినం మన క్యాలెండర్‌లో ఏటా మారుతూ సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వస్తుంది. 2025లో అది అక్టోబరు 1 సూర్యాస్తమయానికి మొదలై 2వ తేదీ చీకటి పడేదాకా సాగింది. ఆ తేదీ వేములవాడలో ఎవరికి చెప్పినా వెంటనే గుర్తుపడతారు. ఆ గురువారమే దసరా. వాళ్లకు పదవ దినం, మనవాళ్లకు దశమి. ఆ ఏడు రెండూ ఒక్క రోజునే కలిశాయి.

ఉత్తర తెలంగాణలో దసరా సాయంత్రం ఎలా ఉంటుందో ఈ పేజీ చదివేవారికి చెప్పనక్కర్లేదు. ఊరంతా జమ్మిచెట్టు దగ్గరికి కదులుతుంది. తెచ్చిన ఆకును 'బంగారం' అని పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతారు. ఈడువాళ్లు అలాయ్ బలాయ్ తీసుకుంటారు. ఏడాదంతా ఎడమొహం పెడమొహంగా తిరిగినవాళ్లు కూడా ఆ సాయంత్రం ఒకరి గడప ఒకరు తొక్కుతారు. పద్ధతి ప్రకారం చిన్నవాడు పెద్దవాడి ఇంటికి వెళ్లాలి. ఆ రోజు మా ఇంటికి పెద్దవాడే వచ్చాడు.

మా కుటుంబంలో నేను, నా భార్యాపిల్లలు క్రీస్తును నమ్ముకున్నాం. మా అన్న రాజన్న భక్తుడు. మా మధ్య ఈ విషయంలో ఏనాడూ గొడవ రాలేదు. గొడవ డబ్బు దగ్గర వచ్చింది. మా ఊరు మిడ్ మానేరు ముంపులో పోయింది. బాపు కట్టిన ఇంటికి పరిహారం వచ్చింది. కాగితాల్లో పేరు అన్నది. బాపు చివరి రోజుల్లో వైద్యానికి చేసిన అప్పులు ఆ డబ్బుతోనే తీర్చానని అన్న లెక్క చెప్పాడు. నేను నమ్మలేదు. పెద్దమనుషుల్ని కూర్చోబెట్టాను. నలుగురూ వింటుండగా అన్నను దొంగ అన్నాను. అన్న మారు మాట్లాడలేదు. భుజం మీది తువ్వాల దులుపుకొని లేచి వెళ్లిపోయాడు. అప్పటి నుంచి ఆరేళ్లు మాటల్లేవు. వేములవాడ పెద్ద పట్నమేమీ కాదు. బస్టాండులో, కూరగాయల అంగడిలో ఎదురుపడేవాళ్లం. చూపు పక్కకు తిప్పుకొని నడిచేవాళ్లం.

ఆ దసరా రోజు సెలవు కాబట్టి మా ఇంట్లో పగలంతా ఉపవాస ప్రార్థన పెట్టుకున్నాం. సాయంత్రం మా ఇంటావిడ లోపలికి వచ్చి, "బావ వచ్చిండు. బయట నిలబడ్డడు. చేతుల జమ్మి ఆకున్నది" అంది. అప్పుడు మేం నలుగురం మోకాళ్ల మీద ఉన్నాం. "మనం ఆ ఆకు తీసుకోం కదా, చెప్పి పంపించు" అన్నాను.

జమ్మి ఆకు విశ్వాసి తీసుకోవచ్చా, తీసుకోకూడదా అన్న వాదన మన సంఘాల్లో ప్రతి దసరాకూ ఉండేదే. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఎనిమిదో అధ్యాయం తీసి ఎవరి మనస్సాక్షిని బట్టి వాళ్లు మాట్లాడతారు. ఆ వాదన నేనిక్కడ తేల్చబోవడం లేదు. ఆ సాయంత్రం నాకు అడ్డం వచ్చింది ఆకు కాదు, దాన్ని పట్టుకున్న చెయ్యి. అన్న కొంతసేపు నిలబడి, ఆకును అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడట. లోపల మేం దేశం కోసం, పాలకుల కోసం, యెరూషలేము క్షేమం కోసం ప్రార్థన కొనసాగించాం. యెరూషలేములో ఆ రోజు ఏ దినమో నాకు తెలియదు.

తెలిసింది రెండు వారాల తర్వాత. హెబ్రీయులకు రాసిన పత్రిక తొమ్మిదో అధ్యాయం మీద వాక్యం సిద్ధపరచుకుంటూ, ప్రాయశ్చిత్తార్థ దినం ఏ నెలలో వస్తుందో చూద్దామని తేదీలు తీశాను. అక్టోబరు 2 కనబడింది. అప్పుడు లేవీయకాండం పదహారో అధ్యాయం మళ్లీ మొదటి నుంచి చదివాను.

ఆ అధ్యాయం చావుతో మొదలవుతుంది. అహరోను ఇద్దరు కొడుకులు సన్నిధిలో చనిపోయిన తర్వాత దేవుడు మోషేతో ఈ మాటలు చెప్పాడు. అంటే ఈ విధులన్నీ మొదట అందుకున్నది బిడ్డల్ని పోగొట్టుకున్న ఒక ఇల్లు. ఆ దినాన ప్రధానయాజకుడు వైభవంగా ఉండే వస్త్రాలు విప్పేసి, నీళ్లతో ఒళ్లు కడుక్కొని, సాదా నారబట్టలు కట్టుకోవాలి. రెండు మేకల్ని నిలబెట్టి చీట్లు వేయాలి. ఒకటి యెహోవాకు బలి. రెండోదాని తల మీద రెండు చేతులూ ఉంచి ఇశ్రాయేలీయుల పాపాలన్నీ ఒప్పుకోవాలి. ఒక మనిషి దాన్ని అరణ్యానికి తోలుకుపోయి విడిచిపెట్టి రావాలి. ప్రసంగాల్లో మనం ఎక్కువగా ఈ మేకల దగ్గరే ఆగుతాం.

వాటికి ముందు ఇంకొకటుంది. కోడెదూడ. వేములవాడలో కోడె అంటే ఎవరికీ అర్థం చెప్పక్కర్లేదు. కోడెను పట్టుకొని గుడి చుట్టూ తిప్పి, కట్టేసి మొక్కు చెల్లించుకోవడం ఇక్కడ తరతరాల ఆనవాయితీ. లేవీయకాండంలోని కోడెదూడ మాత్రం మొక్కు కాదు. అది ప్రధానయాజకుడి సొంత పాపానికి. తన కోసం, తన ఇంటివారి కోసం ముందు దాన్ని అర్పించాలి (16:6, 11). ప్రజల పేర తెచ్చిన మేక వంతు ఆ తర్వాతే. దేశమంతటి తరఫున నిలబడే మనిషి తన ఇంటి లెక్క సరిచూసుకోకుండా తెర లోపలికి అడుగు పెట్టడానికి వీల్లేదు. ఇరవై ఏళ్లుగా చదువుతున్న అధ్యాయంలో ఈ వరుస నా కంటికి ఆనలేదు. నేను కోడెదూడను దాటేసి నేరుగా దేశం కోసం ప్రార్థించేవాణ్ణి.

క్రీ.శ. 70లో రోమా సైన్యం యెరూషలేము దేవాలయాన్ని కూల్చేసింది. అప్పటి నుంచి యూదులకు కోడెదూడ లేదు, మేకలు లేవు, తెర లేదు. దినం మాత్రం మిగిలింది. సుమారు ఇరవై ఐదు గంటలు అన్నం, నీళ్లు ముట్టరు. స్నానం చేయరు, నూనె రాసుకోరు, దాంపత్యానికి దూరంగా ఉంటారు, తోలు చెప్పులు వేసుకోరు. చాలామంది తెల్లబట్టలు కట్టుకుంటారు. చిన్నపిల్లలకు ఈ ఉపవాసం లేదు. ప్రాణానికి ముప్పున్న రోగి తినడమే ధర్మమని వాళ్ల పెద్దలు చెప్పారు. రోగంతో ఉండి కూడా ఉపవాసం విడవకపోవడాన్ని భక్తి అనుకునే మనవాళ్లు ఈ మాట కొంచెం ఆలోచించాలి. పౌలు ప్రయాణించిన ఓడ మునగడానికి ముందు, ఉపవాసదినం కూడా దాటిపోయింది కాబట్టి సముద్రం మీద వెళ్లడం ప్రమాదమని లూకా రాశాడు (అపొ. 27:9). అది ఈ దినమే. అది దాటితే మధ్యధరా సముద్రంలో తుపానుల కాలం మొదలయ్యేది.

ఆ దినం ముందటి సాయంత్రం 'కోల్ నిద్రే' అనే ప్రకటనతో ఆరాధన మొదలవుతుంది. దేవునికి మొక్కుకొని చెల్లించలేకపోయిన మొక్కుల నుంచి విడుదల కోరే ప్రకటన అది. మొక్కుల ఊళ్లో పుట్టినవాణ్ణి కాబట్టి దాని బరువు నాకు కొంచెం తెలుసు. అప్పు తీర్చలేనివాడు అప్పులవాడికి మొహం చాటేసినట్టు, మొక్కు చెల్లించలేనివాడు దేవుడికి మొహం చాటేస్తాడు. ఈ ప్రకటనను అడ్డం పెట్టుకొని, యూదుడి ప్రమాణాన్ని నమ్మడానికి లేదని ఐరోపాలో శతాబ్దాల పాటు ప్రచారం చేశారు. అది తప్పుడు ప్రచారం. మనిషికీ దేవుడికీ మధ్య ఉన్న మొక్కులకే అది వర్తిస్తుంది. తోటి మనిషికి ఇచ్చిన మాటను, పడిన బాకీని అది రద్దు చేయదు.

ఇక్కడికి వచ్చాక నేను చదవడం ఆపేశాను. ఎందుకంటే దాదాపు క్రీ.శ. 200 నాటికి కూర్చిన మిష్నాలో, ఈ దినాన్ని గురించిన భాగం చివర, ఇదే విషయం ఇంకా సూటిగా ఉంది. దేవుడికీ మనిషికీ మధ్య జరిగిన పాపాలకు ఈ దినం ప్రాయశ్చిత్తం చేస్తుంది. మనిషికీ మనిషికీ మధ్య జరిగినవాటికి, ఆ మనిషిని సమాధానపరచేదాకా, ఈ దినం ఏమీ చేయలేదు. పన్నెండో శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్ దీన్ని ఇంకా విడమర్చాడు. తీసుకున్నది తిరిగి ఇచ్చినా సరిపోదు, వెళ్లి క్షమించమని అడగాలి. నోటితో నొప్పించినా అంతే. అతను వినకపోతే ముగ్గురిని వెంటబెట్టుకొని వెళ్లాలి, అలా మూడుసార్లు ప్రయత్నించాలి. ఆ మనిషి చనిపోయి ఉంటే పదిమందిని తీసుకొని సమాధి దగ్గరికి వెళ్లి, వాళ్ల ముందు ఒప్పుకోవాలి. అందుకే కొత్త సంవత్సరానికీ ప్రాయశ్చిత్త దినానికీ మధ్య ఉన్న పది రోజుల్లో భక్తిగల యూదులు బంధువుల్ని, ఇరుగుపొరుగును, పనివాళ్లను కలుస్తారు. ఉపవాసం మొదలయ్యేలోపే ఆ గడపలన్నీ తొక్కి రావాలి.

ఆ దినం ఉదయం సమాజమందిరంలో యెషయా యాభై ఎనిమిదో అధ్యాయం చదువుతారు. ఉపవాసం ఉంటూనే కలహపడేవాళ్లను, పనివాళ్లను బాధించేవాళ్లను దేవుడు నిలదీసే అధ్యాయం. ఉపవాసదినాన, ఖాళీ కడుపుతో ఉన్నవాళ్లకు అదే వినిపించాలని ఏర్పాటు చేసినవాళ్లకు మనుషుల సంగతి బాగా తెలుసు. మధ్యాహ్నం యోనా గ్రంథం. అక్కడ పశ్చాత్తాపపడింది నీనెవె. అలిగి కూర్చున్నది ప్రవక్త.

మన దేశపు యూదుల్లో కొంకణ తీరంలోని బెనె ఇశ్రాయేలు సమాజం చాలా పాతది. ఠాణా, ముంబై వైపు మగ్గాల పనికి వెళ్లిన సిరిసిల్ల మనుషులు వాళ్ల ఊళ్ల మీదుగానే తిరిగి ఉంటారు. మిగతా యూదులతో సంబంధాలు తెగిపోయి, గ్రంథాలు లేకుండా పోయిన రోజుల్లో కూడా వాళ్లు ఈ దినాన్ని మరచిపోలేదు. తమ మరాఠీలో దానికి పెట్టుకున్న పేరుకు 'తలుపులు మూసే పండుగ' అని అర్థం. తెల్లబట్టలు కట్టుకొని, తలుపులు మూసుకొని, బయటివాళ్లను తాకకుండా రోజంతా ఇంట్లోనే గడిపేవారు. తెల్లారి తలుపులు తెరిచి, బీదలకు పెట్టి, బంధువుల ఇళ్లకు వెళ్లేవారు. నేనూ అదే రోజున తలుపు మూసుకొని కూర్చున్నాను. తెల్లారి తెరవలేదు.

తెలుగు నేల మీద కూడా ఈ దినాన్ని ఆచరించేవారున్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు తమను బెనె ఎఫ్రాయిము అని, అంటే ఎఫ్రాయిము గోత్రపు సంతానమని చెప్పుకుంటాయి. వాళ్లకు దారి చూపిన షమూయేలు యాకోబి ఒకప్పుడు క్రైస్తవ ప్రసంగీకుడు. 1980లలో యెరూషలేము వెళ్లి వచ్చాడు. 1990ల మొదట్లో ఆ ఊళ్లో సమాజమందిరం ఏర్పడింది. వాళ్లు విశ్రాంతిదినాన్ని, పస్కాను, ప్రాయశ్చిత్త దినాన్ని పాటిస్తారు. హీబ్రూ నేర్చుకుంటారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వాళ్ల మధ్య అధ్యయనం చేసి 2013లో ఒక పుస్తకం రాశారు. కులంతోనూ మతంతోనూ ఆ కుటుంబాల పెనుగులాటే ఆ పుస్తకంలోని ప్రధాన విషయం. తరాల పాటు తోలుపని చేసి ఊరందరికీ చెప్పులు కుట్టిపెట్టిన సమాజం, తోలు చెప్పులు విడిచి దేవుని ఎదుట నిలబడే దినాన్ని తనదని ఎంచుకోవడం నన్ను చాలాసేపు ఆలోచనలో పడేసింది.

వాళ్లు క్రీస్తును విడిచి వెళ్లడం నాకు బాధే. అది దాచను. అయితే వాళ్ల మాట వచ్చినప్పుడల్లా 'దారి తప్పారు' అని ఒక్క ముక్కలో తేల్చేసే మనం, సంఘం లోపల కూడా కులం ఎంతవరకు వెంటాడిందో ఒప్పుకోవడానికి ఇష్టపడం. ప్రాయశ్చిత్త దినాన యూదులు గుండె మీద చేత్తో తట్టుకుంటూ చెప్పే ఒప్పుకోలులో 'నేను' ఉండదు, 'మేము' ఉంటుంది. నేను చేయని పాపాన్ని కూడా సంఘంతో కలిసి ఒప్పుకోవాలి. ఆ 'మేము' మనకు కొంచెం కష్టమైన మాట.

క్రీస్తు తన సొంత రక్తంతో ఒక్కసారే పరిశుద్ధ స్థలంలో ప్రవేశించాడని హెబ్రీయుల పత్రిక చెబుతుంది (9:12). మనకు ఏటేటా కోడెదూడ అక్కర్లేదు, మేక అక్కర్లేదు. ఇది మన విశ్వాసానికి పునాది, దీన్ని సడలించే ఉద్దేశం నాకు లేదు. నా తప్పు ఇంకోచోట ఉంది. సిలువ మీద అంతా తీరిపోయింది కాబట్టి అన్నతో తేల్చుకోవాల్సిందేమీ లేదని నేను లోలోపల అనుకున్నాను. తీర్చినవాడే, బలిపీఠం దగ్గరికి వచ్చాక సహోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే అర్పణను అక్కడే వదిలి ముందు అతని దగ్గరికి వెళ్లమన్నాడు (మత్తయి 5:23, 24). ఇందులో చాలాకాలం నేను గమనించని సంగతి ఒకటుంది. అతని మీద నాకున్నది కాదు, నా మీద అతనికున్నది గుర్తుకు రావాలి. సీఎస్‌ఐ సంఘాల్లో 1950 నాటి ప్రభురాత్రి భోజన క్రమం సమాధానాన్ని చేతి నుంచి చేతికి అందించడాన్ని తిరిగి తెచ్చి, కానుకకు ముందు పెట్టింది. కరీంనగర్ అధ్యక్ష మండలంలో పెరిగినవారికి అది అలవాటే. పక్క బెంచీలో ఉన్నవారికి చేయి అందించి కూర్చుంటాం. ఆ చేయి గుడి గోడ దాటి ఎంత దూరం వెళ్లాలో ఎవరూ అడగరు.

అక్టోబరు చివరి శుక్రవారం పునరావాస కాలనీలో అన్న ఇంటికి వెళ్లాను. వదినె తలుపు తీసి పక్కకు జరిగింది. అన్న వాకిట్లో మక్కలు ఒలుస్తున్నాడు. తలెత్తి చూసి మళ్లీ పనిలో పడ్డాడు. దారి పొడవునా సిద్ధం చేసుకున్న మాటలు ఒక్కటీ రాలేదు.

"అన్నా, అప్పుడు పెద్దమనుషుల ముందట నేనన్న మాట తప్పు" అన్నాను.

అన్న ఒక కంకి ఒలవడం పూర్తయ్యేదాకా ఏమీ అనలేదు. తర్వాత లోపలికి వెళ్లి ప్లాస్టిక్ సంచి ఒకటి తెచ్చాడు. నిండా బాపు మందుల చీటీలు.

"వద్దన్నా" అన్నాను.

"చూడు తమ్మీ. నీకు తెల్వాలె."

చూశాను. అన్న అప్పట్లో చెప్పినదానికంటే కొంచెం ఎక్కువే ఉంది.

"నలుగుర్ల అన్నవు. ఇంట్ల కూసొని చెప్తున్నవు" అన్నాడు. కోపంగా అనలేదు. ఉన్న మాట అన్నాడు.

ఆ నలుగురు పెద్దమనుషుల్లో ఒకాయన రెండేళ్ల కింద చనిపోయాడు. మిగతా ముగ్గురూ ఉన్నారు. వాళ్ల ఇళ్లకు కూడా వెళ్తానన్నాను. ఇప్పుడే వెళ్తానన్నాను.

"ముందుగాల తిను" అన్నాడు అన్న.

శుక్రవారం నాకు ఉపవాసం. వదినె అప్పటికే కంచం పెట్టింది. మక్క గట్క, పప్పుచారు. కూర్చొని తిన్నాను. అన్న కూడా పక్కనే కూర్చొని తిన్నాడు. చేతులు కడుక్కొని ఇద్దరం ఒకే బండి మీద మొదటి ఇంటికి బయల్దేరాం.